మోతకు ముసుగు వేస్తే



ఈ నెల మీకొక తప్పు సంగతి చెబుతాను. ఆ తప్పు చేసినవాడు మా మనవడు, చేయించినవాణ్ణి నేను.

పోయిన వేసవి సెలవుల్లో మా అమ్మాయి పిల్లలతో మా ఇంటికి వచ్చింది. ఏడో తరగతి చదివే మనవడు తన ఆటల యంత్రాన్ని కూడా వెంట తెచ్చుకున్నాడు. టీవీకి తగిలించి ఆడుకునే పెట్టె అది. గేమ్ కన్సోల్ అంటారు. మధ్యాహ్నం భోజనం చేసి నేను నడుం వాల్చేసరికి అది తిరగలి విసిరినట్టు మోత మొదలుపెట్టేది. రెండు రోజులు ఓర్చుకున్నాను. మూడోనాడు, "ఒరే, ఆ మోత ఆపుతావా, ఆ పెట్టె అటక మీద పెట్టించమంటావా?" అని కేకవేశాను.

మోత తగ్గింది. నేను హాయిగా నిద్రపోయాను. నాలుగు గంటలకు లేచి చూస్తే, మనవడు మొహం వేలాడేసుకుని గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. వాళ్ళమ్మ అడిగితే, "యంత్రం దానంతటదే ఆగిపోయింది," అన్నాడు. చీకటి పడ్డాక మెల్లిగా నా దగ్గరికి వచ్చి, "తాతయ్యా, మీ నిద్ర చెడకుండా దానిమీద దుప్పటి కప్పాను. అరగంట ఆడేసరికి ఆగిపోయింది. అమ్మతో అబద్ధం చెప్పాను," అన్నాడు.

వాణ్ణి కోప్పడటానికి నాకు నోరు రాలేదు. మోత ఆపమన్నానే గాని, అది ఎందుకు వస్తున్నదని నేను అడిగానా? మరి ఇప్పుడు మనమంతా కలిసి అడుగుదాం.

ఇటువంటి యంత్రం తీసుకునే కరెంటు దాదాపు అంతా చివరికి వేడిగానే మారుతుంది. 2005 నవంబరులో అమెరికాలోని మైక్రోసాఫ్ట్ సంస్థ ఎక్స్‌బాక్స్ 360 అనే ఆటల యంత్రాన్ని అమ్మకానికి పెట్టింది. ఆట జోరుగా సాగేటప్పుడు అది సుమారు 170 వాట్ల కరెంటు తీసుకునేది. పాతకాలపు 60 వాట్ల బల్బులు మూడింటిని ఒక చిన్న పెట్టెలో బిగించి వెలిగించినట్టు ఊహించుకోండి. ఆ వేడి బయటికి పోకపోతే లోపలి చిప్పులు నిలుస్తాయా? అందుకని చిప్పుల మీద రెక్కలు రెక్కలుగా ఉండే లోహపు దిమ్మెలు అమర్చారు. చిప్పు వేడి దిమ్మెకు ఎక్కుతుంది. వెనక ఉన్న రెండు చిన్న ఫ్యాన్లు గాలిని లాగి ఆ వేడిని బయటికి తోసేస్తాయి. చిన్న ఫ్యాను, పెద్ద ఫ్యాను తోసినంత గాలిని తోయాలంటే ఎక్కువ వేగంగా తిరగాలి. వేగం పెరిగినకొద్దీ మోత పెరుగుతుంది. అంటే ఆ మోత యంత్రం చేసే అల్లరి కాదు. వేడిని బయటికి మోసే కూలివాడి ఆయాసం!

అయితే ఆటకు అంత కరెంటు ఎందుకు కావాలి? బొమ్మలు గీయడానికి. ఆ యంత్రం తెర మీద అడ్డంగా 1280, నిలువుగా 720 చుక్కలతో ఒక బొమ్మ గీస్తుంది. పలక తీసి గుణించండి: 9,21,600 చుక్కలు. సెకనుకు ఇటువంటి బొమ్మలు 30 గాని, 60 గాని గీయాలి. ఒక్కొక్క చుక్కకు రంగు రాసుకోవడానికి 4 బైట్లు, అది మనకు దగ్గరదో దూరందో రాసుకోవడానికి మరి 4 బైట్లు కావాలి. మొత్తం 73,72,800 బైట్లు.

ఇవన్నీ ఎక్కడ రాయాలి? యంత్రానికి కూడా తరగతి గదిలోలాగా ఒక నల్లబల్ల ఉన్నది. దాన్నే మెమరీ అంటారు. ఎక్స్‌బాక్స్ 360లో నల్లబల్ల పరిమాణం 512 మెగాబైట్లు. లెక్కలు చేసే మాస్టారు, బొమ్మలు గీసే మాస్టారు ఇద్దరూ ఆ ఒక్క బల్లనే పంచుకోవాలి. 2006 నవంబరులో వచ్చిన సోనీవారి ప్లేస్టేషన్ 3లో పద్ధతి వేరు. అందులో 256 మెగాబైట్ల బల్లలు రెండు. ఒకటి లెక్కల మాస్టారికి, ఒకటి డ్రాయింగు మాస్టారికి. చోటు మొత్తం అంతే అయినా, పంపకంలో తేడా.

ఎక్స్‌బాక్స్ 360లో డ్రాయింగు మాస్టారి చేతికి అందేటట్టు ఒక చిన్న పలక కూడా ఇచ్చారు. దాని మీద రాయడం బహువేగం. కాని దాని పరిమాణం 10 మెగాబైట్లే. అంటే 1,04,85,760 బైట్లు. మన బొమ్మ దాంట్లో సుఖంగా పడుతుంది. అయితే బొమ్మ అంచులు మెట్లు మెట్లుగా కనబడకుండా నునుపుగా ఉండాలంటే, ఒక్కొక్క చుక్కను రెండేసి చోట్ల చూసి రాసుకోవాలి. అప్పుడు చోటు రెట్టింపు కావాలి: 1,47,45,600 బైట్లు. పలక చాలదు! బొమ్మను రెండు ముక్కలుగా గీసి అతకాలి. నాలుగేసి చోట్ల చూస్తే ఎన్ని ముక్కలు కావాలో మీరే లెక్కవేయండి.

పలక పెద్దది చేస్తే సరిపోదా అంటారేమో. చిప్పు పెద్దదైతే ధర పెరుగుతుంది, కరెంటు పెరుగుతుంది, వేడి పెరుగుతుంది. వేడిని తోయాలంటే ఫ్యాను జోరు పెరగాలి, మోత పెరుగుతుంది. మోత తగ్గాలంటే పెట్టె పెద్దది కావాలి; అలమరలో పట్టదు. ఒకచోట లాగితే ఇంకొకచోట బిగుసుకునే ముడి ఇది. ఆ ముడిని ఎక్కడ ఎంత వదులుచేయాలో తెలుసుకోవడమే ఇంజనీరు పని.

ఎక్స్‌బాక్స్ 360లో ఆ ముడి ఒకచోట మరీ బిగుసుకున్నది. బొమ్మలు గీసే చిప్పుకు సరిగా పైన డిస్కు తిప్పే పెట్టె వచ్చింది. చోటు లేక, ఆ చిప్పు మీద పెట్టిన లోహపు దిమ్మెను పొట్టిగా చేయవలసి వచ్చింది.

తరవాత ఏం జరిగిందో తెలియాలంటే మా చిన్నప్పటి కమ్మరిని తలుచుకోవాలి. అతను బండి చక్రానికి ఇనప పట్టా వేసేవాడు. పట్టాను చక్రంకన్న కొంచెం చిన్నదిగా చేసి, పిడకల మంటలో ఎర్రగా కాల్చేవాడు. వేడికి పట్టా సాగేది. పట్టకార్లతో చక్రానికి తొడిగి నీళ్ళు పోస్తే, అది చుయ్యిమని చల్లారి, ముడుచుకుని, కర్రను బిగబట్టేది. వేడికి సాగడం, చల్లారితే ముడుచుకోవడం ఇనుముకే కాదు, చిప్పుకూ, దాని కింది పలకకూ కూడా ఉన్నది. కాని రెండూ ఒకే కొలతన సాగవు. ఒకటి తక్కువ, ఒకటి ఎక్కువ. ఆ రెంటినీ కలిపే సన్నని అతుకులు, యంత్రం వేడెక్కినప్పుడల్లా, చల్లారినప్పుడల్లా అటూ ఇటూ లాగబడతాయి. ఒక సన్నని తీగను పదేపదే అటూ ఇటూ వంచి చూడండి. మొదటిసారికి ఏమీ కాదు. ఇరవయ్యోసారికో, ముప్పయ్యోసారికో పుటుక్కుమంటుంది.

అచ్చం అలాగే ఆ యంత్రాలు పాడైపోసాగాయి. మీట చుట్టూ ఆకుపచ్చగా వెలగవలసిన వలయంలో మూడు ఎర్ర దీపాలు వెలిగేవి, ఆట బంద్! కొందరు తొందరపడి యంత్రానికి తువాలు చుట్టి ఇంకా వేడిచేసేవారు. ఒక్కొక్కప్పుడు అది మళ్ళీ పనిచేసేది కూడా. కాని ఆ బాగు నాలుగునాళ్ళ ముచ్చటే. పైగా నిప్పంటుకునే ప్రమాదం. మీరు ఎన్నడూ చేయకండి.

ఆ సంస్థవారు ఏం చేశారు? 2007 జులైలో, మూడు ఎర్ర దీపాలు వెలిగిన యంత్రాన్ని కొన్న నాటినుంచి మూడేళ్ళదాకా ఉచితంగా బాగుచేసి ఇస్తామని ప్రకటించారు. అందుకు వంద కోట్ల డాలర్లకు పైగా ఖర్చు లెక్క రాసుకున్నారు. అతుకులు విరగడానికి మాటిమాటికి వేడెక్కి చల్లారడమే కారణమని, 2021లో తమ చరిత్ర గురించి తీసిన చిత్రంలో వారి ఇంజనీర్లే చెప్పారు.

దిద్దుబాటు కూడా కారణం తెలిశాకే కుదిరింది. మోతలో కొంత ఫ్యానుది కాదు, వేగంగా తిరిగే డిస్కుది. 2008 నవంబరునుంచి ఆటను లోపలి హార్డ్‌డిస్కులోకి ఎక్కించుకునే వీలు కల్పించారు. ఆడేటంతసేపూ డిస్కు తిరగనక్కరలేదు గనక ఆ మోత తగ్గింది. 2010లో వచ్చిన కొత్త నమూనాలో లెక్కల మాస్టారిని, డ్రాయింగు మాస్టారిని ఒకే చిప్పులో కూర్చారు. దానికి కరెంటు తక్కువ చాలు, వేడీ తక్కువే. రెండు చిన్న ఫ్యాన్లకు బదులు ఒక పెద్ద ఫ్యాను పెట్టారు. పెద్దది గనక నెమ్మదిగా తిరిగినా చాలింది. ఇల్లు ప్రశాంతమైంది. చూశారా, మోతకు ముసుగు వేయలేదు. మోత అవసరాన్నే తగ్గించారు.

ఇక మా ఇంటి సంగతి. వాడి యంత్రం వేరే సంస్థది. మర్నాడు ప్లగ్గు తీసి చూస్తే, గాలి పోయే కన్నాల నిండా దుమ్ము పేరుకుని ఉన్నది. మెత్తని కుంచెతో మా అమ్మాయి దుమ్ము దులిపింది. గోడకు ఆనించి ఉన్న పెట్టెను జానెడు ఇవతలికి జరిపాం. అదృష్టవశాత్తూ యంత్రం పనిచేసింది. వేడి మితిమీరితే తనంతట తాను ఆగిపోయే ఏర్పాటు అందులో ఉండటం మూలాన బతికింది. దుమ్ము పోయాక మోత కూడా సగానికి సగం తగ్గింది. మనవడు వాళ్ళమ్మకు జరిగింది జరిగినట్టు చెప్పాడు. నేను కూడా, "ఆ మోత ఎక్కడినుంచి వస్తున్నదిరా అని అడగవలసినవాణ్ణి, ఆపమని అరిచాను. తప్పు నాది," అని వాడితో అన్నాను. ముప్పయ్యేళ్ళకు పైగా బడిలో, "నిశ్శబ్దం!" అని అరిచినవాడికి ఆ అలవాటు ఒక్కనాడు పోతుందా?

బాలలూ, మీ ఇంట్లో యంత్రమేదైనా కొత్తగా మోత చేస్తే దుప్పటి కోసం వెతక్కండి. ప్లగ్గు తీసి, పెద్దవాళ్ళను పిలిచి, గాలికి దారి ఉన్నదో లేదో చూడండి. పెద్దలకు కూడా ఒక మనవి: ఇంట్లో పిల్లవాడు హఠాత్తుగా మోత చేసినా, హఠాత్తుగా మౌనం వహించినా, ముందు కారణం అడగండి.

అన్నట్టు, నాలుగేసి చోట్ల చూసి రాస్తే కావలసినవి 2,94,91,200 బైట్లు. ఎన్ని ముక్కలయింది? మూడు అన్నవాళ్ళకు నూటికి నూరు మార్కులు.