కిలోలకు బహుమతి ఇచ్చే పోటీ మనకొద్దు



మన రేగుంటలో ఈసారి పండుగకు "బరువు తగ్గే పోటీ" పెడదామని గ్రూపులో మాట నడుస్తోంది. రెండు నెలల్లో ఎక్కువ కిలోలు తగ్గినవాళ్లకు స్టేజీ మీద శాలువా, నగదు బహుమతి అట. మంచి మనసుతోనే అన్నారు, కాదనను. కానీ నేను దీన్ని గట్టిగా వ్యతిరేకిస్తున్నా. ఎందుకో ఓపికగా చదవండి.

"నోరు కట్టుకుంటే ఎవరైనా తగ్గుతరు, తగ్గనోళ్లు బద్ధకపోళ్లు." ఈ పోటీ వెనుక ఉన్న నమ్మకం ఇదే. ఇది తప్పు.

కోడిని కోసినప్పుడు చూడండి. కాలు కండ ఎర్రగా, రొమ్ము కండ తెల్లగా ఉంటుంది. కోడి రోజంతా నడుస్తుంది, ఎగిరేది ఎప్పుడో ఒకసారి. మనిషి కండల్లో కూడా ఇలాంటి రెండు రకాల పోగులు కలిసి ఉంటాయి. నిదానం పోగు త్వరగా అలసిపోదు, ఆక్సిజన్‌తో కొవ్వును బాగా కాలుస్తుంది. వేగం పోగు బస్తా ఎత్తడానికి, ఉరకడానికి పనికొస్తుంది. అది ఎక్కువగా చక్కెర వాడుకుంటుంది, తొందరగా అలసిపోతుంది.

వీటి పాళ్లు అందరికీ ఒకేలా ఉండవు. నిదానం పోగుల విషయంలో మనుషుల మధ్య ఉన్న తేడాలో దాదాపు 45 శాతం పుట్టుకతో, 40 శాతం బతుకు తీరుతో వచ్చేదని సిమోనో, బుషార్ అనే శాస్త్రవేత్తలు 1995లో లెక్క కట్టారు. 2002లో అమెరికాలో టానర్ బృందం చూసినదాంట్లో, లావుగా ఉన్న ఆడవాళ్లకు నిదానం పోగులు తక్కువ ఉన్నాయి. కడుపు ఆపరేషన్ అయ్యాక కూడా అవి ఎక్కువ ఉన్నవాళ్లే ఎక్కువ బరువు తగ్గారు. ఆపరేషన్ ఒకటే, ఫలితం వేరు.

ఇవి కొద్దిమంది మీద చేసిన పరిశోధనలు. కండ వల్ల లావు వచ్చిందా, లావు వల్ల కండ మారిందా అన్నది వాటితో తేలదు. కానీ ఒక్క మాట మాత్రం స్పష్టం: ఒకే కష్టానికి అందరి ఒళ్లు ఒకే జవాబు చెప్పదు. అలాంటప్పుడు కిలోలు లెక్కబెట్టి శాలువా కప్పితే, అందులో కొంత పుట్టుకకే కప్పినట్టు. తగ్గని అక్కకు మిగిలేది పదిమందిలో అవమానం.

"అయితే మన రాత ఇంతే" అని చేతులు ముడుచుకునేవాళ్లతోనూ నాకు తగాదానే. రోజూ నడిచి, బరువులెత్తి పనిచేస్తే తొందరగా అలసిపోయే పోగు కూడా అలసట తట్టుకునే రకంగా మారుతుంది. కండలో కొవ్వును కాల్చే శక్తి పెరుగుతుంది. తునికాకుకు, ఇప్పపువ్వుకు అడవి తిరిగిన మన పెద్దలు ఈ పని తెలియకుండానే చేశారు. మనం కిరాణా దుకాణానికి కూడా బైక్ తీస్తున్నాం.

ఇంకో ప్రమాదం ఉంది. గెలవాలని పస్తులుంటే కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. త్రాసుకు ఆ తేడా తెలియదు. పోటీ మొదలైతే పొడి డబ్బాలు అమ్మేవాళ్లు మన గడపల్లోనే ఉంటారు.

పైగా మనలో సన్నగా కనిపించే వాళ్లకు కూడా పొట్టలో కొవ్వు ఉంటుంది. పుణె డాక్టర్ యాజ్ఞిక్ ఏళ్లుగా చెబుతున్నది ఇదే. మన గడ్చిరోలి జిల్లాలోనే 86 గ్రామాల్లో చావులకు కారణాలు చూస్తే, పక్షవాతమే మొదటి స్థానంలో ఉందని 2015లో వచ్చిన అధ్యయనం చెప్పింది. పక్షవాతానికి పెద్ద కారణం బీపీ. దాన్ని త్రాసు చూపించదు.

కాబట్టి నా ప్రతిపాదన ఇది. ఆ నగదుతో ఒక బీపీ మిషన్, ఒక షుగర్ మిషన్, ఒక కొలత టేపు కొందాం. నడుము మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే దవాఖానకు పంపుదాం. పోటీ పెట్టాలనే ఉంటే, రెండు నెలల్లో ఎన్ని రోజులు నడిచారో లెక్కబెడదాం. అది ఎవరి ఒంట్లో ఏ పోగు ఉన్నా చేయగలిగిన పని.

వచ్చే మీటింగులో ఈ మాట ఓటుకు పెట్టండి. ఒప్పుకోనివాళ్లు అక్కడే ఎదురుగా మాట్లాడండి, నేను వస్తా.