మూడు గళ్లు, మూడు వారాల నిల్వ

నరసరావుపేట బస్టాండులో పొద్దున్నే పేపరు కొన్నవాళ్లను గమనించండి. పతాక శీర్షిక మీద ఒక చూపు పడేసి, నేరుగా కార్టూన్ దగ్గరికి పోతారు. మిగతా వార్తలన్నీ ఆ తర్వాతే. ఈనాడులో శ్రీధర్ ‘ఇదీ సంగతి’ని పల్నాడు జనం నలభై ఏళ్లపాటు ఇలాగే చూశారు. ఆయన 1981లో చేరి, 2021 ఆగస్టులో బయటికొచ్చారు. ముఖ్యమంత్రులు మారారు, రాష్ట్రమే రెండయింది, కార్టూన్ మాత్రం వస్తూనే ఉంది. అంతకాలం ఎలా గీశారని అడిగితే చాలామంది చెప్పే జవాబు ఒకటే: ఆయన బుర్ర అలాంటిది. ఈ జవాబుతో నాకు పేచీ ఉంది. బుర్ర ఒక్కదాన్నే నమ్ముకుంటే ఎంతటివాడికైనా మూడో నెలకే సరుకు అయిపోతుంది. రోజూ గీసేవాళ్లను నిలబెట్టేది ఒక ఏర్పాటు. అందులో సగం గీసేవాళ్ల చేతిలో ఉంటే, మిగతా సగం పత్రిక చేతిలో ఉంటుంది.

ఆర్.కె. లక్ష్మణ్ సంగతే చూడండి. 1951లో టైమ్స్ ఆఫ్ ఇండియాలో ఆయన పాకెట్ కార్టూన్ మొదలై, ఐదు దశాబ్దాలకు పైగా నడిచింది. పొద్దున్నే ఆఫీసుకు పోవడం, పేపర్లన్నీ ముందేసుకోవడం, గంటలకొద్దీ ఆలోచించడం, సాయంత్రానికి బొమ్మ ఇచ్చి ఇంటికి పోవడం. బ్యాంకు ఉద్యోగి దినచర్యకూ దీనికీ పెద్ద తేడా లేదు. వార్త మీద గీసేవాళ్లకు ఆ రోజు వార్తే మేత, సాయంత్రం గడువే చర్నాకోల. అలాంటి కార్టూన్‌ను నిల్వ చేసుకోలేం, నిన్నటి బొమ్మ ఇవాళ్టికి పాచి. తెలుగులో ఈ విద్యకు లోటు లేదు. 1955లో ఆంధ్రపత్రికలో చేరిన బాపు దగ్గర్నుంచి మోహన్, సుభాని, శంకర్ దాకా వరస పెద్దదే.

మనకు లేనిది రెండో రకం. సొంత పాత్రలతో, వార్తతో పని లేకుండా, రోజూ మూడు నాలుగు గళ్లలో నడిచే కామిక్ స్ట్రిప్. ఇది కుదరని పని కాదని చెప్పడానికి చార్లెస్ షుల్జ్ చాలు. ఆయన ‘పీనట్స్’ 1950 అక్టోబరు 2న మొదలై 2000 ఫిబ్రవరి 13న ముగిసింది. మొత్తం 17,897 స్ట్రిప్పులు. సహాయకులు లేరు, బుడగల్లో అక్షరాలు కూడా ఆయన చేతి రాతే. పొద్దున అదే కాఫీ హోటలు, తర్వాత అదే స్టూడియో, అదే బల్ల. పసుపు కాగితాల ప్యాడ్ మీద పిచ్చి గీతలు గీస్తూ కూర్చునేవారు. అందులోంచి ఏదో ఒకటి కదిలేది. 1981లో గుండె ఆపరేషన్ అయ్యాక చెయ్యి వణకడం మొదలైంది. వణికే గీతతోనే మరో పద్దెనిమిదేళ్లు నడిపారు.

అన్ని వేల జోకులు ఎక్కణ్ణుంచి వస్తాయి? జోకులు వెతుక్కుంటే రావు. పాత్రలు కుదిరితే అవే పుట్టిస్తాయి. మన దగ్గరి సంగతే తీసుకుందాం. ఫిబ్రవరి, మార్చి నెలల్లో గురజాల వైపు ఏ ఊరికి పోయినా మిరప కల్లాలే. కల్లంలో మంచం వేసుకుని కాపలా పడుకునే రైతు ఒకడు. తాలు కాయలు ఏరుతూ పొద్దుపోయేదాకా కబుర్లాడే ఇద్దరు ఆడకూలీలు. గుంటూరు యార్డు ధర ఫోన్లో చూసి అరగంటకోసారి అరిచి చెప్పే కొడుకు. ఘాటుకు తుమ్ముతూనే కల్లం వదలని కుక్క. పైన ఒక మబ్బుతునక. సరుకు ఇంతే.

మొదటి రోజు: మబ్బు కనపడగానే రైతు కాయల మీద పట్టా కప్పుతాడు. మబ్బు పోతుంది, పట్టా తీస్తాడు, మబ్బు మళ్లీ వస్తుంది. రెండో రోజు ఆ మబ్బు ఏ ఊరి వైపు పోతుందోనని కూలీలిద్దరి వాదన. మూడో రోజు వాన లేదని కొడుకు ఫోన్ చూపిస్తుంటాడు, వెనకాల కుక్క అప్పటికే పట్టా కిందికి దూరుతుంటుంది. నాలుగో రోజుకు కార్టూనిస్టు తల పట్టుకోనక్కర్లేదు. కుక్క ఏం చేస్తుందో పాఠకుడికే తెలుసు. ఆ తెలిసినదాన్ని కొంచెం పక్కకు తిప్పితే చాలు. నెల తిరిగేసరికి మాచర్ల బస్సులో జనం ఆ కుక్క గురించి మాట్లాడుకుంటారు.

పాత్రల తర్వాత కావలసింది నిల్వ. అమెరికాలో స్ట్రిప్పులు గీసేవాళ్లు వారాల ముందే సరుకు పంపేస్తారు. ఒకరోజు కూర్చుని జోకులు మాత్రమే రాసుకోవడం, ఒకరోజు పెన్సిల్ పని, ఒకరోజు ఇంకు. రోజుకొక స్ట్రిప్ మొదట్నుంచి చివరిదాకా గీయడం కన్నా ఇదే నయం. మనసు ఒక పనిలో పడ్డాక దాన్ని మాటిమాటికీ మార్చక్కర్లేదు. కోల్డ్ స్టోరేజీలో మిరప టిక్కీలు (బస్తాలు) ఉన్న రైతు ఇవాళ్టి ధరకు తలవంచడు. డ్రాయర్లో మూడు వారాల స్ట్రిప్పులున్న కార్టూనిస్టు కూడా అంతే, గడువుకు భయపడి నాసిరకం జోకు పంపడు.

తెలుగువాళ్లకు ఈ ఓపిక లేదనడం అన్యాయం. దేవులపల్లి కృష్ణశాస్త్రి గారబ్బాయి బుజ్జాయి ‘డుంబు’ అనే బొమ్మల పాత్రను పిల్లలకిచ్చారు. 1960ల్లో ఆయన పంచతంత్రం బొమ్మల కథలు ఇలస్ట్రేటెడ్ వీక్లీలో వచ్చి, దేశమంతా చదివింది. రాగతి పండరికి చిన్నప్పుడే పోలియో సోకింది. విశాఖలో ఇంట్లో కూర్చునే వేల కార్టూన్లు గీసి, 2015లో వెళ్లిపోయారు. తెలుగులో కార్టూనిస్టుగా పేరు తెచ్చుకున్న తొలి మహిళ ఆవిడే. కార్టూనిస్టు జయదేవ్‌ను గురువుగా చెప్పుకునేవారు. ఇలాంటివాళ్లకు వారపత్రికలు నీడనిచ్చాయి. దీపావళికీ సంక్రాంతికీ ముందే బొమ్మలు అడిగి తెప్పించుకునేవి. కరోనా తర్వాత వాటిలో చాలా మూతపడ్డాయి. మిగిలిన చోట్ల కార్టూన్‌కు ఇంత అని లెక్కగట్టి, అచ్చయ్యాక ఎప్పుడో చేతిలో పెడతారు. ఆ పద్ధతిలో ఏ కుర్రాడు మూడు వారాల నిల్వ కూడబెట్టగలడు? అన్నాళ్లూ ఇల్లు గడవాలి కదా.

సెలవు సంగతి కూడా తేల్చుకోవాలి. షుల్జ్ యాభై ఏళ్లలో చెప్పుకోదగ్గ విరామం ఒక్కసారే తీసుకున్నారు, 1997లో ఐదు వారాలు. చివరి స్ట్రిప్ అచ్చయ్యే ముందు రాత్రే కన్నుమూశారు. దాన్ని ఆదర్శంగా చెప్పడం నాకిష్టం లేదు. ‘కాల్విన్ అండ్ హాబ్స్’ గీసిన బిల్ వాటర్సన్ 1991లో ఒకసారి, 1994లో ఒకసారి నెలల తరబడి ఆపేశారు. ఆ రోజుల్లో పాత స్ట్రిప్పులే మళ్లీ వేశారు. పదేళ్లు నడిపి, 1995 డిసెంబరు 31న తనే ముగించారు. పాఠకులు ఆయన్ను మరిచిపోలేదు. మనసు అలిసిపోతే గీతకు ముందు తెలుస్తుంది, ఆ వెంటనే పాఠకుడికి తెలుస్తుంది.

పల్నాడులో చేతులున్నాయి. ఫ్లెక్సీలు రాకముందు గోడల మీద అక్షరాలూ బొమ్మలూ వేసినవాళ్ల పిల్లలు ఇవాళ ఫోన్ల మీద వేలితో గీస్తున్నారు. 2022 ఏప్రిల్‌లో జిల్లా ఏర్పడింది, జిల్లా పేజీలూ వచ్చాయి. వాటిలో శంకుస్థాపనల ఫొటోలకు దొరికే చోటు ఒక మూలన మూడు గళ్లకు దొరకదా?

మే 20 కార్టూనిస్టు తలిశెట్టి రామారావు పుట్టినరోజు. దాన్ని తెలుగు కార్టూనిస్టుల దినోత్సవంగా చేసుకుంటున్నాం. వచ్చే మే 20 నుంచి జిల్లా పేజీలో స్ట్రిప్ మొదలుపెట్టమని ఎడిటర్లను అడుగుతున్నాను. గీసే అమ్మాయో అబ్బాయో ముందుగా పద్దెనిమిది స్ట్రిప్పులు, అంటే వారానికి ఆరు చొప్పున మూడు వారాలకు సరిపడా, ఇవ్వాలి. వాటికి డబ్బు తీసుకున్న రోజే చెల్లించాలి, తర్వాత వారం వారం. ఏడాదికి ఒక నెల సెలవు, ఆ నెల పాతవే వేసుకోవచ్చు. పాత్రల మీద హక్కు గీసినవాళ్లదేనని మొదటి రోజే కాగితం మీద రాసివ్వాలి.