నేల మెరిస్తే చాలదు



గత నెలలో మన సభ్యుడొకరు షిఫ్టు దిగి నేరుగా యూనియన్ ఆఫీసుకు వచ్చి రెండు చేతులూ బల్లమీద పెట్టారు. వేళ్ల సందుల్లో బొబ్బలు, మణికట్టుదాకా ఎర్రని దద్దుర్లు. రింగు ఫ్రేముల దగ్గర పనిచేసే మనిషికి ఇవెక్కడివని అడిగాము. ఆదివారం షెడ్డులో నేలకు ఎపాక్సీ పూత వేస్తున్నారని, కాంట్రాక్టరుకు మనుషులు చాలక మేస్త్రీ నలుగురిని ఓవర్ టైముకు పిలిచాడని చెప్పారు. చేతికి గ్లవ్స్ ఇవ్వలేదు. అంటిన జిగురును థిన్నరుతో తుడుచుకోమన్నారు. మూడో రోజుకు చేతులు ఇలా అయ్యాయి. మిల్లువారిని అడిగితే అది కాంట్రాక్టరు పని అన్నారు. కాంట్రాక్టరును అడిగితే ఆయన మా మనిషి కాదన్నాడు. ఈ సంచికలో నేల గురించి సంపాదకీయం రాయవలసి రావడానికి కారణం ఇదే.

ముందుగా ఒక మాట స్పష్టం చేస్తున్నాము. మంచి నేలకు మన యూనియన్ వ్యతిరేకం కాదు. పాత సిమెంటు నేల రోజూ అరిగి దుమ్ము లేస్తుంది. ఆ దుమ్ము, పత్తి దూది కలిసి మన ఊపిరితిత్తుల్లోకే పోతాయి. మెషీన్ల నుంచి కారిన నూనెను సిమెంటు తాగేస్తుంది, ఎంత కడిగినా పోదు. గుంటలు పడిన నేలమీద బాబిన్ల ట్రాలీ, బేళ్ల బండి తోసేవారికి నడుము విరుగుతుంది. నున్నని, అతుకులు లేని నేల అయితే దూది సులువుగా ఊడ్చవచ్చు, బండి తేలికగా నడుస్తుంది. శ్రీపెరుంబుదూరు, ఒరగడం, మాధవరం, రెడ్ హిల్స్ వైపు లేచిన గోడౌన్లలో యజమానులు ఈ పూతకు డబ్బు పెట్టడం ఇందుకే. ఆ గోడౌన్లలో సరుకు మోసేవారిలో, ఆ పూత వేసేవారిలో మన మిల్లు కార్మికుల పిల్లలే చాలామంది ఉన్నారు. కనుక ఇది వారి సంగతి కూడా.

ఎపాక్సీ అంటే మనకు తెలియని వస్తువేమీ కాదు. ఇంట్లో విరిగినవి అతికించడానికి రెండు ట్యూబులు కలిపి వాడే అరల్డైట్ ఈ జాతిదే. 1930లలో స్విట్జర్లాండులో పియరీ కాస్టన్, ఆ తరువాత అమెరికాలో సిల్వన్ గ్రీన్లీ విడివిడిగా ఈ రెజిన్ మీద పనిచేశారు. 1946లో అది అరల్డైట్ పేరుతో బజారుకు వచ్చింది. నేలకు వేసేదానిలో కూడా ఒక డబ్బాలో రెజిన్, మరొక డబ్బాలో హార్డెనర్ ఉంటాయి. రెండూ కలిపిన క్షణం నుంచి లోపల రసాయనిక చర్య మొదలై వేడి పుడుతుంది. సాధారణంగా అరగంట, ముప్పావు గంటలోగా నేలమీద పరచాలి. బకెట్టులోనే వదిలేస్తే అది కాగి పొగలు కక్కుతుంది, పట్టుకున్న చేయి కాలుతుంది.

ఒకసారి గట్టిపడిన పూత మనిషికి పెద్దగా హాని చేయదు. ప్రమాదమంతా గట్టిపడక ముందే. హార్డెనర్లోని అమైన్ రసాయనాలు చర్మాన్ని, కళ్లను కాలుస్తాయి. రెజిన్, హార్డెనర్ రెండూ చర్మానికి అలర్జీ తెప్పించగలవు. ఈ అలర్జీ ఒకసారి పట్టుకున్నదంటే సామాన్యంగా జీవితాంతం వదలదు. తరువాత కొంచెం తగిలినా, కొందరికి దాని ఆవిరి సోకినా మళ్లీ దద్దుర్లు లేస్తాయి. థిన్నరుతో తుడవడం ఇంకా చెడ్డ పని. థిన్నరు చర్మం మీది సహజమైన జిడ్డును తీసేసి, మందును లోపలికి పోనిస్తుంది. సబ్బు, నీళ్లు వాడాలి. నూలు గ్లవ్స్ పనికిరావు, అవి జిగురును పీల్చి చేతికే అంటిపెడతాయి. నైట్రైల్ గ్లవ్స్, కళ్లద్దాలు, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి.

పూతకు ముందు జరిగే పని మరీ ప్రమాదం. పాత నేల పైపొరను గ్రైండరుతో గీకితే తప్ప ఎపాక్సీ పట్టదు. సిమెంటు కాంక్రీటులో ఇసుక ఉన్నది, ఇసుకలో సిలికా ఉన్నది. ఆ సన్నని పొడి ఏళ్లతరబడి పీల్చినవారికి సిలికోసిస్ వస్తుంది. దూది వల్ల మనకు వచ్చే బిస్సినోసిస్ లాగే అది కూడా చట్టం గుర్తించిన వృత్తి వ్యాధి. దానికి మందు లేదు. ముఖానికి తువ్వాలు కట్టుకుంటే ఆ పొడి ఆగదు. పొడిని అక్కడికక్కడే లాగేసే వాక్యూమ్ గ్రైండరుకు తగిలించాలి, లేదా నీళ్లు పోస్తూ గీకాలి. పక్కన ఫ్రేములు నడుస్తుండగా ఈ పని చేయించడం పనివారికే కాదు, షిఫ్టులో ఉన్న మనందరికీ ద్రోహం.

మద్రాసు వాతావరణం కూడా చూడాలి. కాంక్రీటు అడుగున చెమ్మ ఉంటే అది పైకి తన్ని పూత బుడగలు లేచి ఊడిపోతుంది. 2015 డిసెంబరు వరదలు, 2023 డిసెంబరు మిచాంగ్ తుపాను చూసిన ఊరు ఇది. ఐప్పసి, కార్తీక వానల్లో పూత మొదలుపెట్టి రెండు నెలల్లో మళ్లీ గీకించడమంటే ఆ దుమ్ము, ఆ ఆవిరి రెండోసారి మనచేత పీల్పించడమే. పరీక్ష సులువు. ఒకటిన్నర అడుగుల చదరం ప్లాస్టిక్ షీటు నేలమీద పరచి నాలుగు అంచులూ టేపుతో గట్టిగా అంటించి 16 గంటలు ఉంచాలి. తీసినప్పుడు షీటు అడుగున నీటి బొట్లు కనిపించినా, కాంక్రీటు నల్లబడినా నేల తయారుగా లేదని అర్థం. కొత్త కాంక్రీటు అయితే కనీసం 28 రోజులు ఆరాలి. ఈ పరీక్ష మన ప్రతినిధి ఎదుట జరగాలని అడగడంలో తప్పేమీ లేదు.

ఇక పూత ఆరిన తరువాత వచ్చే కష్టం జారడం. పొడిగా ఉన్నప్పుడు పరవాలేదు. మెషీన్ నూనె ఒలికినా, హ్యూమిడిఫికేషన్ ప్లాంటు నీరు కారినా అద్దంలాంటి నేలమీద కాలు నిలవదు. బరువు మోస్తున్న మనిషి జారితే తుంటి విరుగుతుంది. దీనికి మార్గం లేకపోలేదు. పూత పచ్చిగా ఉండగానే సన్నని క్వార్ట్జ్ ఇసుక చల్లి పైన మరో పూత వేస్తే గరుకు వస్తుంది. కొంచెం ఖర్చు ఎక్కువ, ఊడ్చడం కాస్త కష్టం, మెరుపు తగ్గుతుంది. చూడవచ్చిన కొనుగోలుదారుకు మెరుపు కావాలి గనుక యాజమాన్యాలు ఇసుకను ఎగ్గొడతాయి. ఈ బేరంలో మన కాళ్లను పణంగా పెట్టడానికి ఒప్పుకోకూడదు.

చట్టం మన పక్షాన ఉన్నది. నేల గట్టిగా, మరమ్మతులో ఉండాలని, జారుడు వస్తువులు లేకుండా ఉంచాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 32వ సెక్షన్ చెప్పింది. ఆ చట్టం స్థానంలో 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చింది. కోడ్ల మీద కార్మికవర్గానికి ఉన్న అభ్యంతరాలు వేరు. కాని పనిస్థలంలో ప్రమాదం లేకుండా చూడవలసిన బాధ్యత యజమానిదేనని, తన ఆరోగ్య భద్రతల గురించిన సమాచారం అడిగే హక్కు కార్మికునికి ఉన్నదని అందులోనూ రాసి ఉన్నది. ఆ హక్కును కాగితంమీద వదిలేస్తే అది ఎవరికీ పనికిరాదు.

కనుక మన డిమాండ్లు ఇవి. ఒకటి: పూత పనికి ముందే ఆ మందు తాలూకు భద్రతా పత్రాన్ని తెలుగు, తమిళ భాషల్లో నోటీసు బోర్డుమీద పెట్టాలి. రెండు: శిక్షణ లేని మిల్లు కార్మికులను ఆ పనికి పిలవకూడదు. మూడు: కాంట్రాక్టు మనుషులకు కూడా గ్లవ్స్, కళ్లద్దాలు, సరైన మాస్కులు, దుమ్ము లాగే గ్రైండర్లు ఉంటేనే పని మొదలుకావాలి. నాలుగు: నూనె, నీరు పడేచోట గరుకు పూత వేయాలి. అయిదు: నడవడానికి కనీసం 24 గంటలు, పూర్తి బరువుకు సుమారు 7 రోజులు పూత ఆరాలి. అందుకోసం షెడ్డు మూసిన రోజులకు కూలి కోయరాదు, సెలవులో కలపరాదు. ఆరు: ఈ పనిలో చర్మం చెడినవారికి వైద్యం, పోయిన రోజుల కూలి, ఆ మందు తగలని చోట పని ఇవ్వాలి.

బోనసు, డి.ఎ. ఉండగా నేల సంగతి చిన్నది కాదా అని కొందరు అడగవచ్చు. 1918 ఏప్రిల్ 27న పెరంబూరు బి అండ్ సి మిల్లుల కార్మికులకోసం మద్రాస్ లేబర్ యూనియన్ పుట్టింది. సెల్వపతి చెట్టియార్, మన రామానుజులు నాయుడు పూనుకొని బి.పి. వాడియాను అధ్యక్షునిగా తెచ్చుకున్నారు. మధ్యాహ్నం అన్నం తినడానికి ఇచ్చే టైము చాలడం లేదన్నది ఆనాటి ఫిర్యాదుల్లో ఒకటి. అదీ అప్పుడు చిన్న విషయమే. బి అండ్ సి మిల్లు 1996లో మూతపడింది, ఆ నేలమీద ఇప్పుడు అపార్టుమెంట్లు లేచాయి. కాని శరీరానికి తగిలే చిన్న బాధను నలుగురూ కలిసి అడగవచ్చునని వారు నేర్పిన పాఠం మూతపడలేదు.

మన సభ్యుని కేసును యూనియన్ చేపట్టింది. మీ షెడ్డులో, మీ పిల్లలు పనిచేసే గోడౌనులో ఇలాంటి పని మొదలవుతున్నదని తెలిస్తే, మొదటి డబ్బా మూత తీయకముందే ఆఫీసుకు చెప్పండి. చేతులు పొక్కాక రావడంకన్నా అది మేలు.