సేనానిని నియమించేదెవరు?

సైన్యమున్న చోట అధికారి ఉండక తప్పదు. కాని ఆ అధికారిని నియమించేదెవరు అన్న ప్రశ్నలోనే ఒక దేశపు రాజనీతి అంతా ఇమిడి ఉన్నదని మేము భావిస్తున్నాము. నియామక పత్రం ఎవరి చేతి నుండి వస్తుందో, విధేయత వారివైపే మొగ్గడం మానవ సహజం. ఈ విషయంలో అమెరికా రాష్ట్రాల తొలి రాజ్యాంగాలు మన విద్యార్థులు తప్పక పరిశీలింపదగినవి.

బ్రిటిష్ రాజు పంపిన గవర్నర్ల పాలనను చవిచూచిన ఆ ప్రజలు, మిలీషియా అనబడే తమ పౌరసేనను ఒక్కరి చేతిలో పెట్టడానికి వెనుకాడారు. 1776 నాటి పెన్సిల్వేనియా రాజ్యాంగం కర్నలును, అంతకు దిగువనున్న అధికారులను ఎన్నుకొనే హక్కును ప్రజలకే ఇచ్చింది. అదే సంవత్సరం వర్జీనియా రాజ్యాంగం, కౌంటీ న్యాయస్థానాల సిఫారసుపై, ప్రివీ కౌన్సిల్ సలహాతో గవర్నరు నియమించాలన్నది. 1780లో మసాచుసెట్స్ ఒక సోపానక్రమాన్ని ఏర్పరచింది. సైనికులు కెప్టెన్లను, వారి సహాయాధికారులను ఎన్నుకోవాలి. వీరు రెజిమెంటు అధికారులను, ఆ అధికారులు బ్రిగేడియర్లను ఎన్నుకోవాలి. మేజర్ జనరళ్లను మాత్రం ఉభయ శాసనసభలు నియమించాలి. 1787 నాటి సమాఖ్య రాజ్యాంగం సైతం శిక్షణ పద్ధతిని నిర్ణయించే అధికారం కాంగ్రెసుకిచ్చి, అధికారుల నియామకాన్ని రాష్ట్రాలకే విడిచిపెట్టింది.

ఈ పద్ధతిలో లోపం లేకపోలేదు. ఓట్లు కోరేవాడు క్రమశిక్షణ విధించడానికి జంకుతాడు. యుద్ధానుభవం లేనివానికీ పదవి లభించవచ్చు. అయినను 1832లో ఇల్లినాయిలో ఒక దళం తన కెప్టెనుగా ఎన్నుకొన్న అనుభవశూన్యుడైన యువకుడు అబ్రహాం లింకన్ అని మరువరాదు.

అసలు లోపం వేరొకటి. 1792 నాటి సమాఖ్య చట్టం శ్వేతజాతి పురుషులను మాత్రమే పౌరసేనలో నమోదు చేయమన్నది. 1862 వరకు సమాఖ్య చట్టం నల్లజాతివారికి ఆ ద్వారం తెరువలేదు. జాబితాలో పేరే లేనివానికి, ఎన్నిక ఎంత స్వేచ్ఛగా జరిగితే మాత్రం ఒరిగేదేమున్నది?

నేడు నేషనల్ గార్డు అధికారులకు కేంద్రం నిర్దేశించిన అర్హతలు తప్పనిసరి. అర్హతను పరీక్షించడం న్యాయమే. అధికారాన్ని పలువురి మధ్య పంచడమూ న్యాయమే. కాని ఈ రెంటికన్న ముందు జాబితా అందరిదీ కావాలని మా దృఢాభిప్రాయం. దేశరక్షణకైనా, కళాశాల సంఘానికైనా ఈ నియమం ఒక్కటే. నాయకుని ఎవరు ఎన్నుకొన్నారని అడుగుటకు ముందు, ఎన్నుకొనేవారిలో ఎవరి పేరు లేదో విచారించడం విద్యావంతుల విధి.