ఏడ్చే తల్లిని అవిశ్వాసి అనడం తగునా?

దూలపల్లి: హోలీ పున్నమి తరువాతనో, చైత్ర పున్నమి తరువాతనో వచ్చే ఆదివారం సాధారణంగా క్రైస్తవులకు ఈస్టరు పండుగ అవుతుంది. ఆనాటి వేకువన క్రైస్తవ కుటుంబాలవారు కొవ్వొత్తులు, పూలు పట్టుకొని బొందలగడ్డకు పోవడం మన పల్లెల్లో ఆనవాయితీ. ముందురోజే పోయి సమాధుల మీద గడ్డి పీకి సున్నం వేసి వస్తారు. చీకటి విడకముందే పాటలు పాడుకొని, ప్రభువు లేచాడని ఒకరికొకరు చెప్పుకొంటారు. దూలపల్లి, కొంపల్లి, మేడ్చల్ వైపు పల్లెల చుట్టూ మేడలు లేచి, ఊరేదో పట్నమేదో తెలియకుండా పోయినా ఈ అలవాటు మాత్రం నిలిచి ఉన్నది. ఇది సంతోషించదగ్గ విషయమే.

కాని అదే పండుగ పేరు చెప్పి ఒక తప్పు జరుగుతున్నది. దాన్ని గురించి పెద్దలు ఆలోచించవలసి ఉన్నది. ఇంట్లో మనిషి పోయినప్పుడు ఏడ్చేవారిని మందలించడమే ఆ తప్పు. చేతికందిన కొడుకు మేడ్చల్ రోడ్డు మీద ప్రమాదంలో పోతే ఏ తల్లి అయినా శోకం పెట్టి ఏడుస్తుంది. కొడుకు పేరు పెట్టి పిలుస్తుంది, వాడి చిన్ననాటి ముచ్చట్లన్నీ చెప్పి ఏడుస్తుంది. మన తెలంగాణ పల్లెల్లో తరతరాలుగా ఆడవాళ్లు దుఃఖం దించుకొనే పద్ధతి అది. అప్పుడు ఎవరో ఒకరు వచ్చి, ఇది అన్యుల ఆచారమని, వాడు తిరిగి లేస్తాడని నమ్మితే ఏడుపెందుకని అంటారు. ఆ తల్లి కొంగు నోట్లో కుక్కుకొని ఊరుకుంటుంది. ఊరుకున్నంత మాత్రాన ఆమె దుఃఖం తీరుతుందా? తనకు విశ్వాసం లేదేమోనన్న భయం దానికి తోడవుతుంది, అంతే.

ఈ మందలింపుకు బైబిలులో ఆధారం ఉన్నదా అంటే, చదివినవారికి లేదనే తోస్తుంది. యోహాను సువార్త పదకొండవ అధ్యాయంలో లాజరు సంగతి అందరికీ తెలిసిందే. బేతనియ అనే ఊళ్లో మార్త, మరియ అనే అక్కచెల్లెళ్ల సోదరుడు చనిపోయి నాలుగు రోజులైంది. కబురు పెట్టినా ఏసు వెంటనే రాలేదు. వచ్చిన తరువాత అక్కచెల్లెళ్లిద్దరూ ఒక్కటే మాట అన్నారు. ఆయన ముందే వచ్చి ఉంటే తమ సోదరుడు బతికేవాడని. ఇది స్తోత్రం కాదు, నిష్ఠూరం. మన ఇళ్లలో చుట్టాలు ఆలస్యంగా వస్తే అనే మాట వంటిదే. ఏసు వాళ్లను కోప్పడలేదు. అన్నిటికన్నా గమనించవలసింది ఏమంటే, కొద్దిసేపట్లో లాజరును లేపుతానని తెలిసి కూడా ఆయన ఆ సమాధి దగ్గరికి పోయే ముందు కన్నీరు పెట్టుకొన్నాడు. లేపగలిగినవాడే ఏడ్చాడు. లేపలేని తల్లి ఏడిస్తే తప్పెట్లా అవుతుంది?

ఈస్టరు నాటి కథ కూడా ఏడుపుతోనే మొదలవుతుంది. మగ్దలేనే మరియ వేకువన సమాధి దగ్గర నిలబడి ఏడుస్తుంటే ఏసు ఎదురై, ఎందుకు ఏడుస్తున్నావని అడిగాడు. ఆమె ఆయనను తోటమాలి అనుకొన్నది. ఆయన ఉపదేశమేమీ చేయలేదు, పేరు పెట్టి పిలిచాడు. అప్పుడు గుర్తుపట్టింది. లేచిన ప్రభువును మొదట చూసిన మనిషి ఏడుస్తున్న ఆడమనిషి అని యోహాను రాశాడు. ఆనాటి యూదుల న్యాయసభల్లో ఆడవాళ్ల సాక్ష్యానికి పెద్దగా విలువ లేదు. శిష్యులు సైతం ఆడవాళ్లు తెచ్చిన కబురును పిచ్చిమాటగా కొట్టివేశారని లూకా రాశాడు. కథ అల్లదలచినవాడు అటువంటి సాక్షులను పెట్టుకోడని పండితులు కొందరు వాదిస్తారు. ఆ వాదన సంగతి ఎలా ఉన్నా, ఏడ్చినవాళ్ల మాట వినకుండా కొట్టివేయడం ఆనాడే మొదలైందన్నమాట!

మందలించేవారు తరచుగా చూపేది పౌలు థెస్సలొనీకయ సంఘానికి రాసిన ఉత్తరం. అది సుమారు క్రీ.శ. 50 నాటిది. ఆ సంఘంలో కొందరు చనిపోయారు. మిగిలినవారు వాళ్ల గతి ఏమవుతుందోనని బెంగపెట్టుకొన్నారు. ఏ ఆశా లేనివారి మాదిరిగా దుఃఖించవద్దని పౌలు వారికి రాశాడు. అసలు దుఃఖించవద్దని రాయలేదు. సగం మాట పట్టుకొని సగం మాట వదిలేస్తే అర్థం తలకిందులవుతుంది.

ఇంకొక సంగతి. చనిపోయినవాడు పరలోకంలో ఉన్నాడు, ఈ దేహం మట్టే కదా అని కొందరు తేలికగా అంటారు. దేహం అంత తేలికైతే పునరుత్థానమన్న మాటే అక్కర లేదు, ఆత్మ ఒకటి ఉంటే సరిపోయేది. లేచిన ఏసు చేతుల్లో మేకుల గాయాలు అలాగే ఉన్నాయి, తోమాకు వాటినే చూపించాడు. శిష్యుల మధ్యకు వచ్చి తినడానికి ఏమైనా ఉన్నదా అని అడిగి, కాల్చిన చేప తిన్నాడు. పండుగ నాడు ఈ చేప సంగతి ఎత్తే ప్రసంగాలు అరుదు.

ఈ ప్రాంతంలో మొదట సువార్త చెప్పినవారికి మాత్రం దేహం సంగతి బాగా తెలుసు. మెదక్ పెద్ద చర్చిని కట్టించిన పాస్నెట్ దొర కరువు రోజుల్లో కూలీలకు ఆ పని చూపించి తిండి పెట్టాడు. ఆ చర్చి 1924 క్రిస్మస్ నాడు తెరిచారు. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో 1915లో కుష్ఠు రోగుల ఆసుపత్రి మొదలుపెట్టిన డాక్టర్ ఇసబెల్ కెర్ కూడా ఊరివారు వెలివేసిన దేహాలకే కట్టు కట్టింది. దానికి పెద్ద విరాళం ఇచ్చిన నర్సాగౌడ్ హిందువు. రోగి పుండు కడగడానికి మతం అడ్డం రాలేదు.

మట్టి ఇచ్చిన తరువాత ఇంటి దగ్గర పెట్టే జ్ఞాపకార్థ కూడికల తీరు కూడా చూడవలసి ఉన్నది. పందిరి, మైకు, వచ్చినవారికి భోజనాలు, ఒకరి తరువాత ఒకరు ప్రసంగాలు. అప్పు చేసి ఇదంతా జరిపేవారూ ఉన్నారు. పోయినవాని భార్య, తల్లి ఒక మూలకు కూర్చొని ఉంటారు. మైకు వాళ్ల దాకా రాదు. పాస్టరుగార్లు తమ ప్రసంగంలో ఒక పావుగంట తగ్గించుకొని, పోయినవాడు ఏ కూర ఇష్టంగా తినేవాడో, ఎవరితో పోట్లాడేవాడో, చివరి రోజున ఏమన్నాడో ఆ తల్లిని చెప్పనిస్తే కూడికకు వచ్చే లోటేమీ లేదు. మధ్యలో ఆమె ఏడిస్తే ఏడవనివ్వాలి. భోజనాలు కొంచెం ఆలస్యమవుతాయి.