గేటు బయట లెక్కలు

ఈఏపీసెట్ కేంద్రం నుంచి బయటకొస్తున్న పిల్లల నోట వినిపించే మొదటి మాట: ‘ఆ ఇంటిగ్రేషన్‌కు నీకెంత వచ్చింది?’ ఇంజినీరింగ్ పరీక్షలో 160 ప్రశ్నలుంటే 80 గణితానివే. ప్రశ్నపత్రం కంప్యూటర్ తెరమీదే ఉండిపోతుంది కనుక వాదనంతా జ్ఞాపకం మీదే. ఇద్దరికీ ఒకే జవాబు వస్తే సంబరం. ఇద్దరూ ఒకే తప్పు చేసి ఉండొచ్చని ఆ క్షణాన ఎవరికి తడుతుంది!

ఇది చెడ్డ అలవాటంటూ కోప్పడే పెద్దలతో మేం ఏకీభవించం. ‘అక్కడ మైనస్ గుర్తు మరిచావురా’ అని స్నేహితుడు పట్టిచ్చిన తప్పు జీవితంలో మళ్లీ చేయరు. ఏడాదంతా బిట్ల సాధనలో మునిగిన పిల్లలకు లెక్క చేసిన తీరు గురించి మాట్లాడుకునే తీరిక దొరికేది బహుశా అప్పుడే.

చిక్కల్లా బస్సెక్కేలోపే ర్యాంకు తేల్చేసే తల్లిదండ్రులతోనే. పరీక్ష పలు విడతల్లో జరుగుతుంది. పేపర్ల కాఠిన్యంలో తేడాను నార్మలైజేషన్‌తో సరిచేస్తారు. ఉదయం రాసిన అమ్మాయి మార్కులను మధ్యాహ్నం రాసిన అబ్బాయి మార్కులతో నేరుగా పోల్చి లాభం లేదు. పైగా తప్పు జవాబుకు మార్కుల కోత లేదు కనుక ఊహించి పెట్టినవీ కలిసిరావచ్చు. ప్రాథమిక కీతోపాటు విద్యార్థి గుర్తించిన జవాబులనూ అధికారులు వెబ్‌సైట్‌లో పెడతారు, అభ్యంతరాలకు గడువూ ఇస్తారు. గేటు దగ్గరే పిల్లల్ని నిలబెట్టి ప్రశ్నలు రాబట్టే కోచింగ్ సిబ్బంది కూడా అంతవరకైనా ఆగవచ్చు కదా?