ఉప్పుపై పన్ను

పన్నుల విచారము పురుషులకే చెల్లునని తలంపవలదు. మా భోగాపురమునకు సముద్రము చేరువ. ఈ తీరముననే, శ్రీకాకుళపు సీమలో, నౌపడ యుప్పుమళ్లు ప్రసిద్ధములు. అయినను ఆంగ్లేయ ప్రభుత్వకాలమున నొడ్డున దానంతట నేర్పడిన యుప్పును పేదరాలు గైకొనుట నేరముగ నుండెను. ఉప్పుపన్ను 1923లో రెట్టింపై, 1924లో మరల తగ్గి, 1947లో తొలగెను. జమీందారిణియు కూలిమనిషియు నుప్పు నించుమించు సమముగనే తిందురు. అందుచే నా పన్ను కూలిమనిషి రాబడిలోనే హెచ్చుపాలు హరించెడిది.

2017లో వచ్చిన వస్తుసేవల పన్ను ఉప్పును విడిచెను గాని, శానిటరీ నాప్కిన్లపై నూటికి 12 వంతున బడెను. స్త్రీలు ప్రశ్నింపగా 2018లో తొలగింపబడెను. కావున అంగడిబిల్లులో ధరతోపాటు పన్నును గూడ చదువుడు. అది యెవరి కెంత భారమో విచారింపుడు.